పేరు లేని ఫోటోలు

దక్షిణ ద్వీపంలో క్వీన్స్‌టౌన్ చూడ్డానికి కారులో బయల్దేరిన మన తెలుగువాళ్ళు చాలామంది దారిలో క్రామ్‌వెల్ అనే ఊళ్ళో ఆగుతారు. రోడ్డు పక్కన యాపిలూ పియరూ వగైరా పళ్ళ పెద్ద బొమ్మలుంటాయి. వాటి ముందు నిలబడి ఫోటో దిగి, చెర్రీలు కొనుక్కుని మళ్ళీ కారెక్కుతారు. నేనూ రెండు మూడుసార్లు అలాగే చేశాను. నాలుగోసారి వాన పట్టుకుని ఎటూ పోలేక, ఊళ్ళో ఉన్న చిన్న మ్యూజియంలోకి వెళ్ళాను. అక్కడ తెలిసింది, నేను ఇన్నాళ్ళూ చూసిన సరస్సు కింద ఒక ఊరుందని.

క్లూథా, కవారౌ అనే రెండు నదులు కలిసేచోట 1860లలో బంగారం కోసం వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరది. మొదట్లో దాని పేరే 'ది జంక్షన్'. దిగువన క్లైడ్ దగ్గర ఆనకట్ట కట్టి, 1992, 93లలో డన్‌స్టన్ సరస్సు నింపినప్పుడు ఆ సంగమమూ, పాత ఊరి ప్రధాన వీధిలో చాలా భాగమూ మునిగిపోయాయి. కొన్ని కట్టడాలను విప్పి పైన ఒడ్డున మళ్ళీ కట్టుకున్నారు. చైనా గని కార్మికులు ఉండిన వాడను మునగకముందే తవ్వి, వాళ్ళు వాడిన పింగాణీ ముక్కలూ సీసాలూ జాగ్రత్త చేశారు. ఇవన్నీ ఒక ఎత్తు. మ్యూజియంలో నన్ను నిలబెట్టినవి మాత్రం పాత వీధి ఫోటోలు, వాటి కింది రాతలు. ఏ కొట్టు ఎవరిది, ఆ తరవాత ఎవరికి అమ్మారు, గుమ్మంలో నిలబడ్డ కుర్రవాడు ఎవరి కొడుకు అన్నట్టుగా ఉన్నాయి ఆ రాతలు.

అంతగా నిలబడిపోవడానికి నాకొక కారణం ఉంది. మా అమ్మ పుట్టిన ఊరు కర్నూలు జిల్లాలో, శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. 1981లో ఖాళీ చేయించారు. వందకు పైగా ఊళ్ళు అలా పోయాయి. అక్కడా నదుల సంగమమే, అక్కడా ఆనకట్టే. అయితే ఒక తేడా ఉంది. అక్కడ గుళ్ళను కాపాడారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాళ్ళకు రాళ్ళు విప్పి, మోసుకువచ్చి అలంపురంలో నిలబెట్టారు. గొప్ప పనే, కాదనను. కానీ ఆ గుడి చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళ పేర్లు ఎవరైనా ఒకచోట రాసి పెట్టారా? మా అవ్వ ఇంటి ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

ఫోటో లేదుగానీ ఒక కాగితం ఉంది. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు మా మామ ఇనప్పెట్టె అడుగునుంచి తీసి చూపించాడు. నష్టపరిహారం లెక్క తాలూకు నకలు. మట్టి గోడలు ఇన్ని గజాలు, వాకిళ్ళు ఇన్ని, దూలాలు ఇన్ని, పెరట్లో చింతచెట్టు ఒకటి, వేపచెట్లు రెండు. మా అవ్వ బతికిన ఇంటిని వర్ణించిన పత్రం ఈ భూమ్మీద అదొక్కటే. ఎందుకు రాశారూ అంటే, కూల్చడానికి వెలకట్టేందుకు రాశారు.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. మన ఊళ్ళ గురించి, మన మనుషుల గురించి కాగితం మీద ఉన్నదాంట్లో ఎంత మనం రాసుకున్నది, ఎంత మననుంచి ఏదో తీసుకోబోతూ ఇతరులు రాసింది? ఈ వ్యాసంలో కొన్ని రకాల రాతలను ఆ ప్రశ్న పక్కన పెట్టి చూస్తాను. సాహిత్య సంచికలో వీటికేం పని అని అడిగేవాళ్ళుంటారు. ఫోటో కింది రెండు ముక్కల్ని కూడా రచనగానే చదవాలని నా అభిప్రాయం. దానికీ కర్త ఉంటాడు, పక్షపాతం ఉంటుంది, శైలి ఉంటుంది.

న్యూజిలాండ్‌లో జూబిలీ పుస్తకాలని ఒక జాతి పుస్తకాలున్నాయి. ఊరి బడికి యాభై ఏళ్ళో, డెబ్భై అయిదో, నూరో నిండితే పాత విద్యార్థులంతా ఒక వారాంతం కలుసుకుని, టీ తాగి, చెట్టు నాటి, ఒక పుస్తకం వేస్తారు. పిల్లలు పాతికమంది కూడా లేని బళ్ళు సైతం వేశాయి. హాస్పిస్ షాపుల్లో, పాత పుస్తకాల కొట్లలో రెండేసి డాలర్లకు దొరుకుతాయి. నేను ఇప్పటికి ఇరవై పైచిలుకు పోగుచేశాను. మా ఆవిడ వాటిని 'ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ పెళ్ళి ఆల్బములు' అంటుంది.

సాహిత్యంగా చూస్తే అందులో చాలాభాగం చప్పగా ఉంటుంది. రోడ్డు ఎప్పుడు పడింది, వంతెన ఎప్పుడు కొట్టుకుపోయింది, కరెంటు ఎప్పుడొచ్చింది. కానీ పుస్తకం చివరికి వచ్చేసరికి ఒక జాబితా ఉంటుంది. బడి తెరిచిన రోజునుంచి చేరిన ప్రతి పిల్లవాడి పేరు, చేరిన సంవత్సరం. పంతుళ్ళ పేర్లు, కమిటీ సభ్యుల పేర్లు. మధ్యలో ఫోటోలు. ప్రతి ఫోటో కిందా వెనక వరస ఎడమనుంచి కుడికి, మధ్య వరస, నేలమీద కూర్చున్నవాళ్ళు, ఆ రోజు రానివాళ్ళు. రానివాళ్ళ పేర్లు కూడా వేయడం చూసి నాకు మొదట్లో నవ్వొచ్చింది. పేరు తెలియనిచోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తారు. ఆ ప్రశ్నార్థకం చూసి తరవాతి పుస్తకానికి ఎవరో ఒకరు ఆ పేరు అందిస్తారు.

వాటిని నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. పాత పుస్తకాల్లో ఆడవాళ్ళంతా మొగుడి ఇనిషియల్స్ వెనక దాక్కుని ఉంటారు. మిసెస్ జె. ఫలానా. ఆవిడ సొంత పేరు వెతకాలంటే ఇంకో జాబితాలో, పెళ్ళికి ముందు బడికి వెళ్ళిన రోజుల్లోకి పోవాలి. నేను కొన్న వాటిల్లో చాలావాటిలో మావోరీల ప్రస్తావన మొదటి పేజీలో ఒక పేరా. తరవాత వాళ్ళు కనబడరు, ఊరి చరిత్ర గొర్రెల మందలతో మొదలవుతుంది. చైనావాడి కూరగాయల తోట అని ఉంటుందిగానీ ఆ చైనావాడి పేరుండదు. తమ పేర్లు అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్ళు పక్కవాళ్ళ పేర్లు అడగనే లేదన్నమాట.

ఆ పక్కవాళ్ళ పేర్లు రాసినవాళ్ళూ కొందరున్నారు. అలెగ్జాండర్ డాన్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ 1880లనుంచి ఒటాగో గనుల్లో ఊరూరా తిరుగుతూ చైనా కార్మికుల పేర్లూ, స్వగ్రామాలూ నోటుపుస్తకాల్లో ఎక్కించాడు. ఆయన పని మతం మార్చడం. ఆ పనిలో పెద్దగా నెగ్గలేదు, నోటుపుస్తకాలు మాత్రం మిగిలాయి. డ్యునెడిన్ వైద్యుడు జేమ్స్ ఇంగ్ వేసిన నాలుగు సంపుటాల గ్రంథంలో ఆ పట్టీ అచ్చయింది. చైనానుంచి ఇవాళ మునిమనవలొచ్చి తాతల జాడ వెతుక్కుంటున్నారంటే దానికి ఆధారాల్లో ఆ పట్టీ ఒకటి. గోర్ పట్టణానికి చెందిన హెరీస్ బీటీ, పుస్తకాల కొట్టు నడుపుకున్న మనిషి, 1920లో దక్షిణ ప్రాంతపు మావోరీ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. అది పూర్తి పుస్తకంగా రావడానికి 1994 దాకా పట్టింది.

ఇక మన సంగతికి వస్తాను. మనం సావనీర్లు వేస్తాం. ఉగాదికో, దీపావళికో, సంఘానికి పదేళ్ళు నిండిన సందర్భానికో. నా దగ్గర ఉన్నవన్నీ ముందేసుకుని ఒక శనివారం కూర్చున్నాను. న్యూజిలాండ్‌వి, ఆస్ట్రేలియావి, అమెరికాలో చుట్టాలు పంపినవి. ఏ సంఘానివని చెప్పను. నేను కమిటీలో ఉన్న ఏడాదిదీ అందులో ఉంది, తప్పుల్లో నా వాటా నాకుంది.

మొదటి పేజీలు సందేశాలు. ఇక్కడి మంత్రి, అక్కడి మంత్రి, ఎంపీ, మేయరు. ఏ సందేశమైనా ఏ సంచికలోనైనా ఇమిడిపోతుంది. పేరు తీసేస్తే ఎవరిదో చెప్పలేం. తరవాత ఇన్సూరెన్సువాళ్ళ ప్రకటన, మసాలా దినుసుల దుకాణం ప్రకటన. నిజం చెప్పాలంటే చరిత్రకారుడికి ఈ ప్రకటనలే ఎక్కువ పనికొస్తాయి. ఏ వీధిలో ఏ కొట్టు ఏ ఏడు ఉండేదో, కిలో కందిపప్పు ఎంతకమ్మారో అందులోనే తెలుస్తుంది. ఆ తరవాత తెలుగు భాష గొప్పతనం గురించి ఒక వ్యాసం, నాలుగు కవితలు, పిల్లల బొమ్మలు. చివర ఫోటోల పేజీలు. 'మన పిల్లల నృత్య ప్రదర్శన', 'విందులో సభ్యులు', 'కార్యవర్గం కుటుంబాలతో'. ఒక్క పేరు లేదు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అందులో సగం మంది ఎవరో నేనే చెప్పలేకపోయాను. వాళ్ళలో ఒకాయన వరసగా ఆరేళ్ళు రెండొందల మందికి పులిహోర కలిపినవాడు. కాలం చేశాడు. ఆయన ఆ ఫోటోలో ఒక మూలగా, గరిటె పట్టుకుని ఉన్నాడు. ఆయన గురించి ఆ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు, మంత్రిగారి సందేశానికి మాత్రం పూర్తి పేజీ ఉంది.

క్రామ్‌వెల్‌వాళ్ళకూ మనకూ తేడా డబ్బులోనో చదువులోనో లేదు. జూబిలీ పుస్తకం వేసేవాడు దాన్ని తన మనవడు చదువుతాడని ఊహించుకుంటాడు. మనం ఆ సాయంత్రం వేదిక మీదికొచ్చే అతిథి చదువుతాడని ఊహించుకున్నాం. ఆయన చదవడు. ఆ సంగతి మనకూ తెలుసు.

ఇందులో ఇంకో చిక్కుంది, అది మన మర్యాదల్లోనే ఉంది. మనకు పెద్దవాళ్ళను పేరుతో పిలవడం తప్పు. పెద్దమ్మ, చిన్నాయన, బళ్ళారి మామ, రంగం తాత. భర్త పేరు భార్య పలకదు. మా అవ్వ పేరు నాకు పదిహేనో ఏట రేషన్ కార్డు మీద చూసేదాకా తెలియదు. ఫోటో ఆల్బమ్ తిప్పుతూ 'ఈవిడెవరు' అనడిగితే 'మీ నాయనకు మేనత్త వరస' అని చెప్పేవాళ్ళు. ఆ వరస తెలిసినవాళ్ళున్నంతకాలం అంతకన్నా మంచి చిరునామా లేదు. వాళ్ళు పోతే మేనత్త కూడా పోతుంది. తెల్లవాళ్ళ పుస్తకాల్లో ఆడవాళ్ళు మొగుడి ఇనిషియల్స్ వెనక దాక్కున్నారని ఇందాక అన్నానే, మనవాళ్ళు వరసల వెనక దాక్కుంటారు.

ఈ సంగతి నాకు బాగా అర్థమైంది ఆక్లాండ్‌లో, ఒక ఫిజీ తెలుగు పెద్దావిడ ఇంట్లో.

ఫిజీకి కూలీల్ని తీసుకుపోవడం 1879లో కలకత్తానుంచి మొదలైంది. మద్రాసు రేవునుంచి 1903లో. 1916లో ఆగేసరికి మొత్తం 60 వేల మందికి పైగా వెళ్ళారు. అందులో సుమారు నాలుగోవంతు దక్షిణాదివాళ్ళు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుంచి పోయిన తెలుగువాళ్ళు అందులో చాలామంది. వాళ్ళందర్నీ అక్కడ కలిపి మద్రాసీలన్నారు. దక్షిణాదివాళ్ళకు 1926లో ఒక సంగం ఏర్పడితే, తెలుగువాళ్ళు 1941లో ఆంధ్ర సంగం అని వేరే పెట్టుకున్నారు. 1987 మే 14న ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. మొదటి కూలీ ఓడ లియోనిడాస్ ఒడ్డుకొచ్చిందీ మే 14నే, 1879లో. ఆ తిరుగుబాటు తరవాత వేలమంది ఫిజీ భారతీయులు న్యూజిలాండ్‌కూ, ఆస్ట్రేలియాకూ, కెనడాకూ వలస వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

మన సావనీర్లలో 'న్యూజిలాండ్‌లో తెలుగువారు' అన్న వ్యాసం కనబడితే చూడండి. నేను చూసినవన్నీ 1991లో పాయింట్ల పద్ధతి వచ్చాక దిగిన డాక్టర్లతోనూ, ఇంజనీర్లతోనూ, కంప్యూటర్లవాళ్ళతోనూ మొదలవుతాయి. నేనూ ఆ బాపతే. మనకన్నా ముందొచ్చి, ఇంట్లో హిందీ మాట్లాడుకుంటూ, పూజలో నాలుగు తెలుగు మాటలు మాత్రం నిలుపుకున్నవాళ్ళను మనం తెలుగువాళ్ళ లెక్కలో వేసుకోలేదు. వాళ్ళకు తెలుగు రాదు కదా అన్నాం. గొర్రెల మందలతో మొదలయ్యే చరిత్రకూ దీనికీ తేడా నాకు కనబడ్డం లేదు.

ఆ పెద్దావిడ బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్లమీద పెట్టింది. అందులో వాళ్ళ నాన్న ఎమిగ్రేషన్ పాస్ నకలు ఉంది, సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌నుంచి మనవడు తెప్పించింది. ఈ పాస్‌ను నేను అరగంట చదివాను. అచ్చు ఫారం. డిపో నంబరు, ఓడ పేరు, మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, దగ్గరి బంధువు, ఒంటిమీద గుర్తులు. మద్రాసులో గుమాస్తా ఎవరో చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశాడు. ఊరి పేరు నేను నాలుగు రకాలుగా పలికి చూశాను, విశాఖ జిల్లా మ్యాపులో ఏదీ అతకలేదు. ఒంటి గుర్తుల దగ్గర మాత్రం తడబాటు లేదు. ఎడమ మోకాలి కింద మచ్చ. పారిపోతే పట్టుకోవాలి కదా.

బ్రిజ్ లాల్ అనే ఫిజీ చరిత్రకారుడు, తానే ఒక గిర్మిటియా మనవడు, ఈ పాసుల్ని ఒక్కొక్కటే చదివి కంప్యూటర్‌కెక్కించి 1983లో 'గిర్మిటియాస్' అనే పుస్తకం రాశాడు. వలస వెళ్ళినవాళ్ళంతా మోసపోయిన అట్టడుగు జనమే అన్న మాట సగమే నిజమని ఆ లెక్కలతోనే చూపించాడు. అందులో 45,439 పాసులున్నాయి. అన్నీ ఉత్తరాదివాళ్ళవి, కలకత్తానుంచి వెళ్ళినవి. పుస్తకం హద్దు అంతేనని ఆయనే గీసుకున్నాడు, అందులో తప్పేం లేదు. దక్షిణాది పాసుల్ని అదే ఓపికతో చదవాల్సింది మనవాళ్ళు. ఆ కాగితాల్లో తెలుగు ఊళ్ళ పేర్లను గుర్తుపట్టడం తెలుగు వచ్చినవాడికే సాధ్యం. గుమాస్తా స్పెల్లింగు వెనక అసలు శబ్దం ఏదో వాడికే తోస్తుంది. జాక్వెలిన్ లెకీ 2007లో వేసిన 'ఇండియన్ సెట్లర్స్' చదివినప్పుడూ ఇదే అనిపించింది. న్యూజిలాండ్ భారతీయుల మీద అంత శ్రద్ధగా రాసిన పుస్తకం అరుదు. అందులో గుజరాతీలూ పంజాబీలూ నిండుగా ఉన్నారు, ఎందుకంటే తొలుత ఇక్కడికి వచ్చింది వాళ్ళు, పైగా అడిగితే ఇళ్ళలోంచి ఫోటోలూ కాగితాలూ తీసి ఇవ్వగలిగినదీ వాళ్ళు. రేపెవరైనా అలాంటి పుస్తకం రాయబోతూ మన తలుపు తడితే మనం ఏం తీసిస్తాం?

డబ్బాలో పాస్ కింద ఒక స్టూడియో ఫోటో. ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యలో కుర్చీలో కూర్చున్నది ఆవిడ తల్లి.

"ఈ పక్కనున్నది?"

"మా పెద్దక్క, బాబూ."

"ఈ పక్క?"

"మౌసీ. అమ్మకు జహాజీ చెల్లెలు."

జహాజీ అంటే ఒకే ఓడలో వచ్చినవాళ్ళు. ఆ బంధుత్వం రక్తసంబంధం లాంటిదే, జహాజీల పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా చేసుకునేవాళ్ళు కాదు. కులం, భాష, ఊరు ఏదైనా సరే. మౌసీ పేరేమిటని అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "మౌసీ అనే అనేవాళ్ళం బాబూ. అమ్మ 'చెల్లీ' అనేది." మౌసీది తెలుగో తమిళమో కూడా ఆవిడకు తెలియదు. ఫోటో వెనక ఖాళీ.

ఇలాంటిది తలుచుకున్నప్పుడు నాకు వెల్లింగ్టన్‌లో, టె పాపాలో ఉన్న ఒక గంట గుర్తొస్తుంది. మీరూ చూసే ఉంటారు. 1836 ప్రాంతంలో విలియం కొలెన్సో అనే మిషనరీకి వాంగారే వైపు కనబడింది. మావోరీ స్త్రీలు అందులో బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటున్నారు. అదొక ఓడ గంట తాలూకు పై భాగం. అది అక్కడికెలా వచ్చింది, ఆ ఓడ ఏమైంది, ఎవరికీ తెలియదు. ఎన్నో ఊహాగానాలు నడిచాయి. అయినా దాన్ని మనం తమిళ గంట అంటున్నామంటే దానిమీద తమిళంలో చెక్కిన ఒక్క పంక్తివల్లే. ఆ గంట మొహిదీన్ బక్ష్ ఓడదని రాసి ఉంది. పోత పోసినవాడు ఆ నాలుగు మాటలూ వేయకపోతే అది కేవలం వంటపాత్ర.

ఇదంతా మనకు చేతకాని విద్యేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట తెలుగు ఊళ్ళలో కైఫీయత్తులు రాశారు. కాలిన్ మెకంజీ అనే స్కాట్లండు సైనికోద్యోగి కింద, ఏలూరువాళ్ళయిన కావలి సోదరులు, బొర్రయ్య, ఆయన 1803లో చనిపోయాక లక్ష్మయ్య, మరికొందరు సహాయకులతో ఊరూరా తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి, ముసలివాళ్ళను అడిగి రాయించినవి. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువెవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు, ఏ దొర కాలంలో ఎవరికి ఏ మాన్యం దక్కింది. తరవాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు రాయించి చెదలనుంచి కాపాడాడు. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రంవాళ్ళు కొన్ని జిల్లాలవి అచ్చు వేశారు. దొరికితే చదవండి. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని ఆ వచనం, పారసీ లెక్కల మాటలూ సంస్కృతమూ ఊరిమాటా కలగలిసిన ఆ భాష, నాకు చాలా నవలలకన్నా ఇష్టం.

కానీ అదీ కరణంగారి చూపే. మాన్యం ఉన్నవాడి పేరుంటుంది, ఆ మాన్యం దున్నినవాడి పేరుండదు. పైగా కుంఫిణీవాళ్ళు ఆ నేల చేతికొచ్చిన కొత్తలో, దాన్ని తెలుసుకోవడానికి రాయించుకున్నవి. మా మామ ఇనప్పెట్టెలోని కాగితం, సువాలోని పాస్, కైఫీయత్తు, మూడూ ఒకే ఇంటివి. ఏదో ఒకటి తీసుకోబోయేవాడు అడిగితే రాసినవి. అయినా నాకు కైఫీయత్తు మీద ప్రేమ ఎందుకంటే, అడిగినవాడు ఎవడైనా చెప్పినవాడు మన ఊరివాడు. పన్ను లెక్కకు అక్కర్లేని సంగతులు కూడా, దయ్యాలూ శాపాలూ చెరువుగట్టు తెగిన రాత్రీ, ఆగలేక చెప్పేశాడు. ఆ ఆగలేకపోవడమే సాహిత్యం అనుకుంటాను.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. అది రావలసిన మార్పే, ఊళ్ళలో ఎవరూ పెద్దగా ఏడవలేదు. సర్కారు లెక్కలు సర్కారుకు చేరాయి. కరణాల ఇళ్ళలో మిగిలిన పాత కట్టలు మాత్రం, మా ఊళ్ళో నేను చూసినంతవరకు, పొయ్యిలోకీ పచారీ కొట్టుకీ పోయాయి. మా నాన్న పోయాక మా ఇంట్లోనూ అదే జరిగింది. ఇల్లమ్మేటప్పుడు ట్రంకు పెట్టెలో ఉత్తరాలు, పెళ్ళి శుభలేఖలు, చదివింపుల పుస్తకం, బాడుగ చీటీలు ఉన్నాయి. ఏం చెయ్యమంటావని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ రోజు నాకు ఆఫీసులో ఏదో గొడవ. నీ ఇష్టం రా అన్నాను. పాత పేపర్లవాడు తూకానికి తీసుకుపోయాడు. చదివింపుల పుస్తకం ఒక్కటి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. 1966లో మా అమ్మ పెళ్ళికి ఎవరెవరొచ్చారో, ఇప్పుడు నీళ్ళకింద ఉన్న ఆ ఊరినుంచి వచ్చిన ప్రతివాళ్ళ పేరూ ఇంటిపేరూ అందులో ఉంది. ఎవరూ అడక్కుండా, ఎవరికీ వెలకట్టడానికి కాకుండా, ఆ ఊరివాళ్ళు తమకోసం రాసుకున్న జాబితా. తిరిగి ఇవ్వాల్సిన కట్నాల లెక్క కోసం రాసుకుంటాం గానీ, జూబిలీ పుస్తకానికి అంతకన్నా మంచి పోలిక మనకు లేదు.

ఇక్కడ మనం చేయగలిగినవి పెద్ద పనులేం కావు. న్యూజిలాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం అచ్చువేసిన ప్రతి పుస్తకం, ప్రతి సంచికా నేషనల్ లైబ్రరీకి రెండు ప్రతులు పంపాలి. వంద కాపీలకన్నా తక్కువ వేస్తే ఒకటి చాలు. భాష ఏదైనా ఫరవాలేదు, పంపడానికి తపాలా ఖర్చే. నేను వాకబు చేసిన నలుగురు పాత కార్యదర్శుల్లో ముగ్గురికి ఈ సంగతే తెలియదు, నాలుగో మనిషిని నేనే. మొదటి రోజుల సంచికల పేజ్‌మేకర్ ఫైళ్ళు ఇప్పుడు నా దగ్గర ఒక సీడీలో ఉన్నాయి. అను ఫాంట్లలో టైపు చేసినవి. తెరిస్తే తెలుగు బదులు వంకర టింకర గుర్తులు కనబడుతున్నాయి. కాగితం మీద అచ్చయిన కాపీయే గట్టిదని తేలింది. ఫోన్లలో వేలకొద్దీ ఫోటోలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటి వెనక రాయడానికి చోటే లేదు.

ఆ పెద్దావిడ కిందటి చలికాలంలో పోయింది. డబ్బా మనవడి దగ్గరుంది, బ్రిస్బేన్‌లో. ఫోటోలన్నీ తాను స్కాన్ చేసేముందు ఒకసారి చూసి పెట్టమని నాకు పంపాడు. జిగురు పేజీల ఆల్బముల్లోంచి మెల్లగా ఊడదీసి, బాల్‌పెన్నుతో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో, వెనక అంచున, ఆవిడ చెప్పగా నేను రాసుకున్నవన్నీ ఎక్కించాను. ముగ్గురు ఆడవాళ్ళ ఫోటో చివరికి మిగిలింది. ఎడమ పక్క అక్క పేరు, మధ్యలో తల్లి పేరు రాశాను. కుడి పక్క 'మౌసీ, జహాజీ చెల్లెలు' అని రాసి ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఓడ పేరు పాస్‌లో ఉంది కాబట్టి అదీ రాశాను. అదే ఓడలో దిగినవాళ్ళ పాసులు సువాలో ఉన్నాయి. అందులో ఆడవాళ్ళవి ఎన్నో ముందు లెక్కపెట్టాలి.